కుడిచేతిని వినని సమీక్షలు

మాటల్లేని సంగీతం గురించి రాయాలంటే సమీక్షకుడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పాటైతే సాహిత్యం ఉంటుంది. రెండు చరణాలు ఎత్తిరాసి, భావం చెప్పి, గాయకుడి గొంతు మీద ఒక మాట వేస్తే వ్యాసం నిండుతుంది. రెండు గిటార్లు తప్ప ఇంకేమీ లేని రికార్డు చేతికొస్తే ఏం రాయాలి? రోడ్రిగో ఇ గాబ్రియేలా జంట 2019లో తెచ్చిన ‘మెట్టావల్యూషన్’ మీద ఇంగ్లీషులో వచ్చిన సమీక్షలు దొరికినన్ని చదివాను. మెచ్చుకున్నవాళ్లూ తడుముకున్నారు, పెదవి విరిచినవాళ్లూ తడుముకున్నారు. 2020 జనవరిలో దానికి గ్రామీ వచ్చింది, ఉత్తమ సమకాలీన వాద్య ఆల్బం విభాగంలో. ఆ తర్వాతా దాని గురించిన మాట ఏం మారలేదు.

వాళ్ల కథ తెలియనివాళ్ల కోసం గబగబా చెప్తాను. రోడ్రిగో సాంచెజ్, గాబ్రియేలా క్వింటెరో మెక్సికో సిటీ మనుషులు. ఇద్దరూ అక్కడ ‘టియెర్రా ఆసిదా’ అనే త్రాష్ మెటల్ (మహా వేగంగా, మోతగా సాగే రాక్) బ్యాండులో వాయించారు. బ్యాండు ఎటూ పోలేదు. గిటార్లు పట్టుకుని ఐర్లండు వెళ్లి, డబ్లిన్‌లోని గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో బాటసారుల ముందు వాయించి బతికారు. 2006లో జాన్ లెకీ నిర్మాణంలో వాళ్ల పేరే పెట్టిన ఆల్బం వస్తే, అది ఇంగ్లండు రాక్ బ్యాండు ఆర్కిటిక్ మంకీస్‌నూ అమెరికా గాయకుడు జానీ క్యాష్‌నూ వెనక్కి నెట్టి ఐర్లండు చార్టుల్లో మొదటి స్థానంలో కూర్చుంది. మాట లేదు, డ్రమ్స్ లేవు, కరెంటు గిటారు లేదు. నైలాన్ తీగల గిటార్లు రెండే.

ఈ కథ బాగుంటుంది. చిక్కంతా అది బాగుండడంతోనే. 2006 నుంచి 2019 దాకా ఏ రికార్డు వచ్చినా సమీక్షలో సగం ఈ కథే. వీధి నుంచి వేదిక దాకా, మెటల్ నుంచి నైలాన్ దాకా. మిగిలిన సగంలో వేగం. ఎంత వేగం! వేళ్లు కనబడవు! అని. రికార్డు లోపల ఏం జరుగుతోందో చెప్పే వాక్యాలు రెండో మూడో ఉంటాయి. అవీ ఎక్కువగా విశేషణాలే.

వాళ్లను అని లాభం లేదు, మనదీ అదే తీరు. 2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది కోయ డోలు వాయించే సకిని రామచంద్రయ్యకూ వచ్చింది. వాళ్ల పేదరికం గురించి, అవార్డు గురించి, ప్రభుత్వం ఏమిచ్చింది, ఏమివ్వలేదు అనే దాని గురించి పత్రికల్లో కాలమ్‌లకు కాలమ్‌లు వచ్చాయి. పన్నెండు మెట్ల మీద వేళ్లు ఎట్లా నడుస్తాయి, ఆ నాదం గొంతుకు ఎక్కడ జవాబు చెప్తుంది, ఎక్కడ గొంతును దాటిపోతుంది అని రాసినవాళ్లు నాకు దాదాపు కనబడలేదు. మనిషి కథ రాస్తే వాద్యం గురించి రాసినట్టే అని మనమూ అనుకున్నాం.

ఇంగ్లీషు సమీక్షల్లో ఇంకో అలవాటు ఉంది: ఫ్లమెంకో, అంటే స్పెయిన్ సంప్రదాయ గిటారు, పాట, ఆట. నైలాన్ తీగలు, స్పానిష్ పేర్లు, దడదడ వాయింపు కనబడగానే ఆ ముద్ర పడిపోతుంది. మాది ఫ్లమెంకో కాదు మొర్రో అని ఆ ఇద్దరూ ఇన్నేళ్లుగా చెప్తూనే ఉన్నారు. వాళ్లు చెప్పకున్నా తెలుసుకోవచ్చు. ఫ్లమెంకో గిటారిస్టు వేళ్లతో, గోళ్లతో వాయిస్తాడు; రోడ్రిగో పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) పట్టుకుంటాడు. ఫ్లమెంకోలో బులేరియాస్, సొలియా లాంటివి పన్నెండు దెబ్బల ఆవర్తనం మీద తిరుగుతాయి, ఆ చుట్టు తప్పితే ఆట చెడుతుంది. వీళ్ల ట్రాకులు ఎక్కువ భాగం నాలుగు దెబ్బల మీద గుర్రపు పరుగు తీస్తాయి. అది త్రాష్ మెటల్ నడక. అరచేతి అంచుతో తీగలను అదిమిపట్టి పొట్టిగా తెంపుతూ వాయించే అలవాటు వాళ్లకు మెటాలికా, స్లేయర్ లాంటి మెటల్ బ్యాండ్లు విని పెరిగిన రోజుల నుంచి ఉన్నది. మెటల్ నేపథ్యాన్ని ప్రతి సమీక్షా ప్రస్తావిస్తుంది, కానీ జీవితకథలో ఒక ముచ్చటగానే. అదే మెటల్ ఈ చేతిలో, ఈ క్షణాన వినబడుతోందని మాత్రం చెప్పదు.

పేర్ల సంగతి ఇంకా తమాషా. మాట లేని ట్రాకుకు పేరొక్కటే మాట, దాని మీదే సమీక్షకులు వాలిపోతారు. ‘మెట్టావల్యూషన్’లో ‘మెట్టా’ బౌద్ధుల మైత్రీభావన. ఇంకేం, సగం సమీక్షలు ధ్యానం గురించీ శాకాహారం గురించీ. ఇక్కడ మన తెలుగువాళ్లం ఇంకో రకంగా జారుతాం. 2009 నాటి ‘11:11’లో ట్రాకుల పేర్లు చూడండి: హనుమాన్, త్రివేణి, సావిత్రి, ఆత్మన్. చూసి నేనూ సంబరపడ్డాను. మనోడెవడో కూడా ఉన్నాడేమో అని వెతికాను కూడా. ఆ ఆల్బంలో ఒక్కో ట్రాకూ వాళ్లను కదిలించిన ఒక్కో సంగీతకారుడికి అంకితం. హనుమాన్ లాటిన్ రాక్ గిటారిస్టు కార్లోస్ శాంటానాకు. త్రివేణి ఊద్ అనే తీగవాద్యం వాయించే పాలస్తీనా సోదరులు జుబ్రాన్ త్రయానికి. ఆత్మన్ అయితే పాంటెరా అనే మెటల్ బ్యాండు గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్‌కు. హనుమాన్ చాలీసా వినబడుతుందేమోనని చెవి పెట్టినవాడికి వినబడేది లాటిన్ రాక్. ఒక్క సావిత్రిలో మాత్రం మన వైపు గాలి నిజంగా ఉంది. అది ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌కూ, మన సంగీతకారులతో ఆయన కట్టిన ‘శక్తి’ బృందం దారికీ పెట్టిన దండం.

‘మెట్టావల్యూషన్’లో ‘క్రొటోనా డేస్’ అని ఒక ట్రాకు. క్రొటోనా అంటే కాలిఫోర్నియాలోని ఒహాయ్‌లో ఉన్న థియోసాఫికల్ (దివ్యజ్ఞాన సమాజం) కేంద్రం. ఒహాయ్ అనగానే మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గుర్తుకొస్తాడు, ఆయన 1986లో కన్నుమూసింది అక్కడే. దీని మీద మనం ఒక పేజీ రాసుకోవచ్చు. రాసిన పేజీ అంతా చదివినా ఆ ట్రాకులో ఏ దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియదు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది దెబ్బ గురించి.

ఈ జంటలో రోడ్రిగో రాగం వాయిస్తాడు, గాబ్రియేలా తాళం వాయిస్తుంది అని అందరూ రాస్తారు. అట్లా రాయగానే వరుస తేలిపోతుంది: ముందు ఆయన, పక్కన ఆవిడ. ఈ వరుస మనకు బాగా తెలిసిందే. మన పత్రికల్లో కచేరీ సమీక్ష ఎట్లా ముగుస్తుందో గుర్తు చేసుకోండి. గాయని ఏ కృతి ఏ రాగంలో పాడారో అంతా వివరంగా రాసి, చివర ఒక్క వాక్యం: వయొలిన్‌పై ఫలానావారు, మృదంగంపై ఫలానావారు చక్కని సహకారం అందించారు. రెండున్నర గంటలు చెమటోడ్చిన మృదంగ విద్వాంసుడికి ఆ ఒక్క వాక్యం. గాబ్రియేలాకూ అంతర్జాతీయ స్థాయిలో దక్కింది ఆ వాక్యమే. కాకపోతే అది కాస్త పొడుగు.

ఆమె కుడిచేయి చేసే పనిని ఒకసారి విడదీసి చూద్దాం. వేళ్లు విప్పుకుంటూ తీగల మీద జల్లుతుంది, అది ఒక శబ్దం. మణికట్టు దగ్గరి గట్టి భాగంతో గిటారు పై చెక్కను మోదుతుంది, అది లావు శబ్దం. వేలి కణుపులతో, గోళ్లతో అంచున కొడితే సన్న శబ్దం. తీగలను మోగనీయకుండా అరచేతితో చప్పరించి ఆపితే ఇంకోటి. ఇవన్నీ ఒకే ఊపులో వస్తాయి, చేయి పైకి పోయేటప్పుడు ఒకటి, కిందికి దిగేటప్పుడు ఒకటి. స్వరాల మార్పు కూడా ఆ చేతిలోనే నడుస్తుంటుంది, ఎందుకంటే ఎడమచేయి కింద కార్డ్స్ (కలిపి మోగే స్వరాల గుత్తులు) మారుతూనే ఉంటాయి. దాన్ని తాళం అని పక్కన పెట్టేస్తే సగం రికార్డు పోయినట్టే.

ఆ పై చెక్క గురించి ఒక పాత ముచ్చట. ఈనాటి క్లాసికల్ గిటారుకు ఆకారం ఇచ్చిన స్పెయిన్ వడ్రంగి ఆంతోనియో దె తోరెస్, 1862లో వెనక, పక్కలు అట్టతో చేసి, పై చెక్క ఒక్కటే మంచి కలపతో బిగించి ఒక గిటారు చేశాడు. నాదం పుట్టేది పై చెక్కలోనే అని నిరూపించడానికి. ఆ గిటారు ఇప్పటికీ బార్సెలోనా సంగీత మ్యూజియంలో ఉంది. 2014 నాటి ‘9 డెడ్ అలైవ్’లో ఈ జంట ఒక ట్రాకును ఆ తోరెస్‌కే అంకితం చేసింది. నాదం ఎక్కడ పుడుతుందో వాళ్లకు తెలుసు, అంకితం ఊరికే రాలేదు. తీగకూ చెక్కకూ నడుమ గోడ లేదని ఆవిడ చేయి ప్రతి ట్రాకులోనూ చెప్తోంది.

వరంగల్ పక్కన హసన్‌పర్తి దిక్కు మాకు తెలిసిన ఒక డప్పు కళాకారుడున్నాడు. పెళ్లిళ్లు, బోనాలు, సభలు, అన్నిటికీ పోతాడు. ఒక సాయంత్రం ఫోన్లో ఈ జంట వాయించే వీడియో పెట్టి చూపించాను, ఏమీ చెప్పకుండా. నాలుగైదు నిమిషాలు కదలకుండా చూసి, “అన్నా, గాయన తీగల మీద ఉరుకుతుండు గనీ, ఉరికిచ్చేది గామె” అన్నాడు. తర్వాత అడిగిన ప్రశ్న ఇంకా బాగుంది: “గామె సిర్ర ఏడ, సిటికెన పుల్ల ఏడ?” డప్పుకు రెండు పుల్లలు కదా, కుడిచేతిలో మందంగా సిర్ర, ఎడమచేతిలో సన్నగా సిటికెన పుల్ల. లావు దెబ్బ సిర్రది, దాని సందుల్లో గిరగిర తిరిగేది సిటికెన పుల్లది. రెంటినీ ఒకే చేతిలో ఎట్లా పెట్టుకుందని ఆయన ఆశ్చర్యం. వీడియో వెనక్కి తిప్పి మళ్లీ చూసి మణికట్టు సిర్ర, గోళ్లు పుల్ల అని తనే తేల్చాడు. ఇన్ని సమీక్షలు చదివిన నాకు ఈ రెండు వాక్యాల పాటి సమీక్ష ఎక్కడా దొరకలేదు.

మా వైపు చెవులకు ఇది సులువుగా అందుతుంది అని నేనంటే కొందరికి ఊరి గొప్పలా వినబడొచ్చు. కానీ సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోళ్ల నడుమ నిలబడ్డవాడికి తాళం పక్కన ఉండేది కాదని ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ కథ చెప్పే గొంతుకు డోలే నేల. కథకుడు ఆగితే డోలు ఆగదు, డోలు మలుపు తిరిగితే కథ మలుపు తిరగక తప్పదు. గిటారు మాత్రం మాకు వేరే దారిలో వచ్చింది. కాజీపేట, హన్మకొండ చర్చిల్లో ఆదివారం పాటల వెనక, తర్వాత గణపతి నవరాత్రుల ఆర్కెస్ట్రాల్లో. రెండు చోట్లా దాని పని గొంతు వెనక కార్డ్స్ పట్టుకోవడమే. అందుకే గిటారునూ డోలునూ ఒకే వాద్యంలో వినడం ఇక్కడ గిటారు నేర్చుకున్న పిల్లలకు కూడా కొత్తే. డోలు తెలిసిన చెవికి గిటారు తెలియదు, గిటారు తెలిసిన చెవి డోలును లెక్కలోకి తీసుకోదు.

మరి ఎట్లా రాయాలి? దీనికి ఓరుగల్లులోనే ఒక పాత జవాబుంది. కాకతి గణపతిదేవుడి గజసైన్యాధిపతి, వరసకు బావమరిది కూడా అయిన జాయప సేనాని 1253-54లో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ శాస్త్రబద్ధమైన మార్గ నృత్యానికి ఇచ్చి, మిగిలిన నాలుగు, అంటే సరిగ్గా సగం పుస్తకం, దేశికి ఇచ్చాడు. పేరిణి, రాసకం, చిందు లాంటి జనం ఆటలకు. నన్ను ఆకట్టుకునేది ఆయన రాసిన తీరు. పాదం ఎక్కడ పడాలి, మడమ ఎత్తాలా, నడుము ఎటు వంగాలి, చేయి ఎక్కడ ఆగాలి, ఇదంతా రాస్తాడు. ఆడేవాళ్లు ఎన్ని కష్టాలు పడి పైకొచ్చారో రాయడు. అందుకే ఏడు వందల ఏళ్ల తర్వాత నటరాజ రామకృష్ణ ఆ పుస్తకాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణిని మళ్లీ ఆడించగలిగాడు. జాయప ‘వాద్యరత్నావళి’ కూడా రాశాడంటారు, అది దొరకలేదు. దొరికి ఉంటే చర్మవాద్యాల మీద చేతి దెబ్బలకు ఆయన ఏం పేర్లు పెట్టాడో చూసేవాళ్లం. ‘మెట్టావల్యూషన్’ సమీక్షలు చదువుకుని ఎవరైనా ఏడేళ్ల తర్వాతైనా ఆ సంగీతాన్ని ఊహించుకోగలరా? గ్రాఫ్టన్ స్ట్రీట్‌ను ఊహించుకోగలరు, అంతే.

నాకు ఎదురు చెప్పేవాళ్లకు ఒక గట్టి మాట ఉంది. సమీక్షకులు గాబ్రియేలాను వదిలేయలేదు కదా, ప్రతి ఒక్కరూ ఆమె చేతిని పొగిడారు కదా అని. నిజమే, పొగిడారు. ఇద్దరు వాయిస్తే ఐదుగురు వాయించినట్టుంది అన్నారు. ఆ మాట సర్కస్‌లో తీగ మీద నడిచేవాడికి కొట్టే చప్పట్లు. ఎట్లా నడిచాడన్నదే అందులో అబ్బురం, ఎటు నడిచాడన్నది ఎవరికీ పట్టదు. ఆమె చేతిని విన్యాసంగా చూశారు, రచనగా చూడలేదు. ఏ ట్రాకులో ఏ దరువు పెట్టింది, అదే ఎందుకు పెట్టింది, ఎక్కడ మార్చింది, మార్చినప్పుడు రోడ్రిగో వరస ఏమైంది, ఈ ప్రశ్నలు అడిగితేనే అది సంగీత సమీక్ష. రాగం కట్టినవాడిని కర్త అంటాం, దరువు కట్టినామెను కళాకారిణి అంటాం. ఆ తేడాలో ఆడ మగ లెక్క కొంత, డప్పునూ డోలునూ పంక్తి చివర కూర్చోబెట్టిన మన పాత లెక్క కొంత ఉన్నాయి. రెండోది మెక్సికోలోనో లండన్‌లోనో ఏ రూపంలో ఉందో వాళ్లు చూసుకోవాలి. మన దగ్గర ఏ రూపంలో ఉందో మనకు తెలుసు.

తెలుగువాళ్లకు మాట లేకపోతే వినబుద్ధి కాదు, సాహిత్య ప్రధానమైన జాతి అని ఇంకో వాదం. త్యాగరాజ కృతులు తెలుగులో ఉన్నాయి కాబట్టి వీణ మీద వాయించినా మనం లోపల మాటలే పాడుకుంటామని. పెద్దల విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఇప్పటి కుర్రాళ్ల ఫోన్లు మోగుతుంటే వినండి. సగం రింగ్‌టోన్లు బీజీఎంలే. హీరో ఎంట్రీ బీజీఎం, ఇంటర్వెల్ బీజీఎం. ఒక్క మాట ఉండదు. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఆ బీజీఎంలో ఏ మోత ఎక్కడ లేచిందో నోటితో వాయించి చూపించే పిల్లలను ఎంతమందినో చూశాను. నోటితో దరువు చెప్పగలిగిన పిల్లవాడు గాబ్రియేలా గురించి రాయగలడు. రాయమని ఎవరూ అడగలేదు, అంతే.

ఇక నా తీర్పు. ‘మెట్టావల్యూషన్’లో ఏడు ట్రాకులు. ఆరు సొంతవి, ఏడోది ఇంగ్లండు రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ఎకోస్’. ఆరింటిలో నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించేది ‘టెర్రాసెంట్రిక్’. మెటల్ నడక అందులో దాపరికం లేకుండా బయటపడుతుంది, పై చెక్క మీద లావు దెబ్బ రోడ్రిగో వరసను పట్టి లాగుతుంటుంది. టైటిల్ ట్రాకు మొదటిసారి వినగానే పట్టేస్తుంది, తర్వాత్తర్వాత కొంచెం తేలికవుతుంది. ‘ఎలక్ట్రిక్ సోల్’ నిదానం. వేగం లేనప్పుడు వీళ్లు ఏం చేస్తారో చూడాలంటే అది వినాలి, అందుకే దాన్ని దాటేసిన సమీక్షల మీద నాకు కోపం. ‘కుంబే’ ఆటకు పనికొస్తుంది. మిగతావి బాగున్నాయి.

సమీక్షల్లో ఎక్కువ చోటు దొరికింది మాత్రం ‘ఎకోస్’కే. దాదాపు 19 నిమిషాలు, ఆల్బంలో మూడో వంతుకు పైన. అసలుది 1971లో ‘మెడల్’ రికార్డు రెండో వైపు మొత్తాన్ని ఆక్రమించిన 23 నిమిషాల పాట. కొందరికి వీళ్ల రూపం సాహసం, కొందరికి సాగతీత. ఎటు చెప్పినా దాని గురించి చెప్పడం సులువు, ఎందుకంటే పక్కన పోల్చడానికి అసలుది ఉంది, దానికి మాటలూ ఉన్నాయి. 2006లో కూడా ఇట్లాగే జరిగింది. సొంత ట్రాకులను పక్కన పెట్టి లెడ్ జెప్పెలిన్, మెటాలికా ట్రాకులను వీళ్లు ఎట్లా తిప్పారన్నదే పెద్ద చర్చయింది.

నేను కుడిచేతి వైపు నుంచి ‘ఎకోస్’ విన్నాను. అట్లా వింటే సాహసమన్నవాళ్లతో కలవలేను. సాగతీత అన్నవాళ్లతోనూ కలవలేను, నిడివితో నాకు పేచీ లేదు, ఒగ్గుకథ రాత్రంతా విన్నవాడికి 19 నిమిషాలు ఎంత? నా పేచీ వేరే. ఆ ట్రాకు నడుమ భాగంలో, పింక్ ఫ్లాయిడ్ బ్యాండు ఒకే దరువు మీద నిలబడి చాలాసేపు తిప్పే చోట, గాబ్రియేలా తన దరువు వదిలేసి అసలు రికార్డులో నిక్ మేసన్ డ్రమ్స్ వేసిన దారినే పోయినట్టు నా చెవికి వినబడుతుంది. లావు దెబ్బ ఉంది, సన్న దెబ్బ ఉంది, కానీ ఎక్కడా ముందుకు తోసే మలుపు లేదు. పాట ఆకారం ముందే గీసి ఉంది, చేయి దానికి సున్నం వేస్తోంది. ఈ ఆల్బంలో ఆమె నిజంగా పక్కవాద్యమైంది ఆ ఒక్క చోటే. 2023 నాటి ఆల్బంలో ఎలక్ట్రిక్ గిటారూ ఆర్కెస్ట్రా కూడా వచ్చి చేరాక ఆ పై చెక్క దెబ్బ ఇంకా వెనక్కి జరిగింది. దాని మీద వచ్చిన సమీక్షలు ఆ ఆల్బంకు ప్రేరణ అయిన అద్వైతం గురించి బాగా రాశాయి.